మూడు నెలలకోసారి

14 జూన్ 2022, పూండి

కాశీబుగ్గ వెళ్ళి పాపకి చెప్పులు కొన్నాను. ఎడమ కాలికి సరిపోయిన జత కుడి కాలికి ఎక్కలేదు. కుడికి సరిపోయింది ఎడమకి వేస్తే జారిపోతోంది. షాపాయన పాప పాదాల వంక చూసి, నా వంక చూసి, ఏమీ అడగలేదు. రెండు జతలూ కట్టమన్నాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ పాపని అరుగు మీద కూచోబెట్టి రెండు కాళ్ళూ తడిమింది. "ఎడం కాలు సిక్కిపోనాదేటే అమ్మీ?" అంది.

నాకది తట్టనేలేదు. ఇన్నాళ్ళూ కుడికాలే లావవుతోంది అనుకుంటున్నాను. అసలు సరైన కాలు ఏది?

27 జూన్ 2022

కుళాయి దగ్గర అనేశారు. "బోదకాలేమో. ఊరందరికీ మాత్రలు మింగించీసినావు, నీ పిల్లకి మింగించలేదేటి?"

జవాబు చెప్పకుండా బిందె ఎత్తుకుని వచ్చేశాను. చెప్పాల్సింది. ఆశా కార్యకర్తగా నేను చూసిన బోదకాళ్ళు ఎన్ని! దోమ కుట్టాలి. ఆ పురుగు లోపల ఏళ్ళ తరబడి ఉండాలి. చలిజ్వరం రావాలి, గజ్జల్లో బిళ్ళ కట్టాలి. ఆ తర్వాతెప్పుడో వాపు. పాపకి ఇవేవీ లేవు. కాలు నొక్కితే సొట్ట పడదు. చర్మం మెత్తగానే ఉంది. లావొక్కటే కాదు, కాలు పొడుగు కూడా.

నెలల పిల్లప్పుడు నూనె రాస్తుంటే కుడి తొడ మీద ఒక మడత ఎక్కువగా కనిపించేది. ముద్దుగా ఉందనుకునేదాన్ని. ఆ మడతని రాసుకోడానికి నా రిజిస్టర్లో గడి ఏదీ లేదు.

20 జూలై 2022, విశాఖ నుంచి వస్తూ, ప్యాసింజర్లో

డాక్టరమ్మ తొందరపడలేదు. పాపని నిలబెట్టింది, పడుకోబెట్టింది, నాలుక చాపమంది. చేతి వేళ్ళు, చెవుల వెనక, వీపు, బొడ్డు, అన్నీ చూసింది. పుట్టుమచ్చలున్నాయా అనీ, నరాలు ఉబ్బాయా అనీ అడిగింది. టేపుతో నడుం ఎముక నుంచి చీలమండ దాకా రెండు వైపులా కొలిచింది. సెంటీమీటరున్నర తేడా.

పేరు చెప్పింది. హెమీహైపర్‌ప్లేసియా. శరీరంలో ఒక పక్కో ఒక భాగమో మిగతా వాటికంటే ఎక్కువ ఎదిగిపోవడం. ఎనభై ఆరు వేల మందిలో ఒకరికట.

అంతవరకూ బాగానే ఉన్నాను. తర్వాత చీటీ మీద రాసింది: కడుపు స్కానింగ్, మూడు నెలలకోసారి, ఏడేళ్ళు నిండేదాకా. "ముఖ్యంగా కిడ్నీలు" అంది.

మాది ఏ ఊరో చెప్పలేదు నేను. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానం అని చెప్పలేదు. మళ్ళీ కిడ్నీలేనా?

21 జూలై 2022

నిద్ర లేదు. ఆవిడ చెప్పింది మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలి.

మన ఉద్దానం జబ్బు కాదిది. నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు. పిల్లల కిడ్నీలో పుట్టే గడ్డ. విల్మ్స్ గడ్డ. 1899లో జర్మనీ సర్జన్ మాక్స్ విల్మ్స్ దాని మీద పుస్తకం రాశాడు కాబట్టి ఆయన పేరు. ఇలా ఒక పక్క పెరిగిన పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఏదో ఒక గడ్డ వస్తుంది. అది వచ్చిందంటే వేగంగా పెరుగుతుంది. అందుకే ఆరు నెలలు ఆగకూడదు, మూడే. మొదట్లోనే దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. కాలేయం కోసం చేసే రక్తపరీక్ష నాలుగేళ్ళ లోపు వాళ్ళకట. పాపకి నాలుగు దాటింది కాబట్టి అక్కర్లేదు.

నూటికి ఐదారు. పగలు తక్కువే అనిపించింది. రాత్రయ్యేసరికి ఆ ఐదారుగురికీ మొహాలు వచ్చేశాయి.

మస్కట్ నుంచి మా ఆయన ఫోను. "నిన్నటి స్కానింగ్ నార్మల్ అన్నారు కదా, ఇంకేటి?" అన్నారు. ఔను. నార్మలే. అక్టోబరు దాకా.

11 అక్టోబర్ 2022

తిత్లీ తుపాను వచ్చి నేటికి నాలుగేళ్ళు. మావయ్య పొద్దున్నే తోటకెళ్ళి చాలాసేపు రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే కొత్తగా నాటిన జీడిమొక్కల మధ్య కూచుని ఉన్నారు. ఆ రాత్రి ఒక్క గాలికి ఆయన తండ్రి వేసిన చెట్లన్నీ వేళ్ళతో లేచిపోయాయి. కొబ్బరి, పనస, జీడి. అప్పుడు పాప అయిదు నెలల గుడ్డు. మంచం కింద దాన్ని పొట్టకి అదుముకుని తెల్లార్లూ కూచున్నాను. రేకు ఎగిరిపోయిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

మావయ్య క్రియాటినైన్ మళ్ళీ పెరిగింది. కాగితం జేబులో మడిచి పెట్టుకున్నారు. నేను చూడకూడదని కాదు, అత్తమ్మ చూడకూడదని.

"అమ్మా, గుంటకి కూడా ఈ పరీక్షే సేస్తన్నారేటి?"

కాదు మావయ్యా, దానిది వేరు. ఎలా వేరో చెప్పాలి. మీ కిడ్నీలు కుంచించుకుపోతున్నాయి, దానికి పెరుగుతాయేమో చూస్తున్నారు. ఒకే ఇంట్లో. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

8 నవంబర్ 2022

గ్రహణం. సాయంత్రం చంద్రుడు సముద్రం మీద గ్రహణంతోనే పైకొచ్చాడు.

అత్తమ్మ మళ్ళీ తవ్వింది. 2018 జనవరి 31, ఆ రోజూ అంతే. సంపూర్ణ చంద్రగ్రహణం, సాయంత్రం పూట. నాకు ఆరో నెల. పురిటి కేసుతో పలాస వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాను. "బయిట తిరగొద్దని నాను సెప్పలేదా?" కోపంగా అనలేదు. చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అంది. ఆ గొంతు వింటే ఆవిడ ఈ మాట లోపల ఎన్నిసార్లు తిప్పుకుందో తెలుస్తుంది.

ఆ రోజు ఆ తల్లి నెత్తురు ఆగక అల్లాడిపోతోంది. నేను వెళ్ళకపోతే?

స్కానింగ్ కాగితం మొన్ననే వచ్చింది. రెండు కిడ్నీలూ సరైన సైజు. ఆ లైను మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

19 డిసెంబర్ 2022

తమ్ముడు ఫోన్లో ఒక వ్యాసం పంపాడు. ఇంగ్లండులో 1862 నుంచి 1890 దాకా బతికిన జోసెఫ్ మెరిక్. తల, కుడి చెయ్యి, కాళ్ళు ఊహకందనంతగా పెరిగిపోయాయి. డబ్బులిచ్చి జనం చూసేవాళ్ళు. ఏనుగు మనిషి అని పేరు. ఆయన జబ్బేమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ప్రోటియస్ అనే పెరుగుదల జబ్బు అని చాలామంది అంటారు. దానికి కారణమైన జన్యువు 2011లో దొరికింది.

నన్ను పట్టుకున్నది అది కాదు. తన కాళ్ళూ చేతులూ ఎందుకిలా అయ్యాయో ఆయనే రాసుకున్నాడట: కడుపుతో ఉన్నప్పుడు అమ్మ వీధిలో ఏనుగు కాళ్ళ కింద పడి భయపడిందని. చివరిదాకా అదే నమ్మాడు.

అక్కడ ఏనుగు, ఇక్కడ చంద్రుడు. ఏ దేశంలోనైనా ముందు తల్లి ఎక్కడ తిరిగిందనే అడుగుతారా?

ఆయన తల్లిని ఎవరైనా మొహం మీదే అడిగారా? ఆమె ఏమంది?

12 మార్చి 2023

జీడిపిక్కలు రాలడం మొదలైంది. తోటంతా పళ్ళ వాసన.

పాపకి టేపు దొరికింది. నేను ఆదివారం ఆదివారం దాని కాళ్ళు కొలిచే టేపు. ఇప్పుడది అన్నీ కొలుస్తోంది. మేక కాళ్ళు నాలుగూ కొలిచింది. నానమ్మ చేతులు కొలిచి "నానమ్మా, నీకూ కుడి చెయ్యి లావు" అంది. నిజమే. ఏళ్ళుగా జీడిపిక్కలు కొట్టిన చెయ్యి. అత్తమ్మ తన రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

సాయంత్రం నేను కొలవబోతే పాప టేపు ఇవ్వలేదు. "నాకు పనుంది" అంది.

18 మే 2023

మావయ్యకి డయాలసిస్ మొదలై కొన్ని వారాలు. చేతికి ఫిస్టులా వేశారు. పాప ఆయన మోచేతి దగ్గర చెవి పెట్టి వింటుంది. నరంలో రక్తం జోరుగా పోయే చప్పుడు. "తాత సేతిలో తేనెటీగ ఉంది" అని వీధిలో పిల్లలందర్నీ పిలుచుకొచ్చింది. వాళ్ళు వరసలో నిలబడి విన్నారు. మావయ్య చెయ్యి చాపుకుని కూచుని, ఒక్కొక్కరినీ విననిచ్చారు. నవ్వారు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి.

నీళ్ళు కొలిచి తాగాలి ఆయన. ఈ ఎండల్లో. గ్లాసులో సగం పోసుకుని, దాన్ని ముందు పెట్టుకుని, తాగకుండా చూస్తూ ఉంటారు.

రేపు పాప స్కానింగ్.

23 జూన్ 2023

ఒకటో తరగతి. బళ్ళో విద్యాకానుక ఇచ్చారు. సంచి, బట్టలు, బెల్టు, మేజోళ్ళు, బూట్లు. బూట్లు ఒకటే సైజు.

టీచరుగారికి చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఆవిడే అడిగారు. రెండో సైజు జతని వేరే బడి నుంచి తెప్పించి, పిల్లలెవరూ లేనప్పుడు పాప సంచిలో పెట్టారు. మిగిలిన రెండు బూట్లూ నన్ను దాచమన్నారు. "ఎవరికైనా అవసరం పడొచ్చమ్మా" అన్నారు. ఎవరికి? ఒక్క చిన్న కుడి బూటు, ఒక్క పెద్ద ఎడమ బూటు. ఈ జిల్లాలో ఎక్కడో అద్దంలో బొమ్మలా, ఎడమ కాలు పెరిగిన పిల్ల ఉండి ఉంటుందా?

5 సెప్టెంబర్ 2023

ఏనుగుకాలు అన్నారట. ఒక అబ్బాయి. పాప ఏడవలేదు, కొట్టలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ మామూలుగా చెప్పింది. నాకే ముద్ద దిగలేదు.

"నువ్వేమన్నావు?"

"ఏనుక్కి నాలుగు కాళ్ళూ లావే కదమ్మా. నాకొకటే అన్నాను."

ఇంకా ఏదో అడగాలనుకున్నాను. అది పెరుగు వెయ్యమంది.

14 డిసెంబర్ 2023

పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండొందల పడకల ఆసుపత్రి ప్రారంభం. ముఖ్యమంత్రి వచ్చారు. హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చే పథకం కూడా ఇవాళే. ఏడొందల కోట్లు. మా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎన్ని ఊళ్ళు, ఎన్ని చావుల తర్వాత!

మావయ్య టీవీ ముందు కూచుని అంతా చూశారు. "నీళ్ళ వల్లేనని తేలిందేటి?" అని అడిగారు. తేలలేదు మావయ్యా. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చే పని అన్నారు, వంశం అన్నారు. ఎవరూ ఇదీ అని గట్టిగా చెప్పలేదు.

ఆయన తల ఊపారు. "గుంటది?"

దానిది కొంత తెలుసట. కడుపులో పడ్డాక, ఒకే ఒక్క కణం రెండయ్యేటప్పుడు ఎక్కువగా జన్యువులో చిన్న తప్పు పడుతుందట. ఆ కణం నుంచి పుట్టిన భాగమంతా ఆగమన్నా ఆగకుండా ఎదుగుతుంది. తల్లి నుంచి కాదు, తండ్రి నుంచి కాదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు.

"ఎవులూ ఏటీ సెయ్యలేదా" అని ఆయన మళ్ళీ అన్నారు. అత్తమ్మ వంటింట్లోంచి వింటోంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

9 మార్చి 2024

తేడా రెండు సెంటీమీటర్లు దాటింది. పాప నడుం ఒక పక్కకి ఒరుగుతోంది. చెప్పు ఎత్తు పెంచమన్నారు డాక్టరమ్మ.

కాశీబుగ్గలో చెప్పులు కుట్టే తాత దగ్గర కూచున్నాం. రబ్బరు షీటు కోసి పొరలు పొరలుగా అతికించాడు. అతికించింది ఎడమ చెప్పుకి. పాప తెల్లబోయింది. "తాతా, బాగున్న కాలికెందుకు?" అని అడిగింది. ఆయన ఆరె పక్కన పెట్టి, పాపని నిలబెట్టి, రెండు భుజాల మీదా చేతులు వేసి చూశాడు. "రెండూ బాగున్నవే తల్లీ. పొట్టిదాన్ని పొడుగుదానికి కలుపుతన్నాం" అన్నాడు.

డబ్బులు అడిగినంత ఇస్తానన్నా రబ్బరు ఖరీదే తీసుకున్నాడు.

వెనక నుంచి చూస్తూ నడిచాను. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి.

1 జూలై 2024

కొత్త పింఛన్లు. సచివాలయం వాళ్ళు పొద్దున్నే ఇంటికొచ్చి మావయ్య చేతిలో పదివేలు పెట్టారు. డయాలసిస్ వాళ్ళకి అంత. వికలాంగులకి ఆరువేలు చేశారు.

వీధిలో అందరిదీ ఒకటే మాట. "పాపకి సదరం సర్టిఫికెట్టు తియ్యించు. నెలకి ఆరువేలు వొదులుకుంటావేటి?" దానికి వైకల్యం నలభై శాతం ఉండాలి. పాపకి అంత రాదు. రాదని తెలిసీ ఒక పూట మనసు లాగింది. స్కానింగులకి, రైలు ఛార్జీలకి, పోయిన రోజుల పనికి అన్నీ కలుపుకుంటే... కానీ ఆ కాగితం కోసం పాప లోపం ఎంత పెద్దదో దాని ఎదుటే నేను వాదించాలి.

అవసరం పడితే వాదిస్తాను. ఇప్పుడు కాదు.

21 ఆగస్టు 2024

స్కానింగ్ గదిలో ఎప్పుడూ పది నిమిషాలు. ఇవాళ అతను ఎడమ కిడ్నీ మీదే ఆగిపోయాడు. తిప్పి చూశాడు. ఊపిరి బిగబట్టమన్నాడు, వదలమన్నాడు. పక్కకి తిరగమన్నాడు. ఇంకొకర్ని పిలిచాడు.

పాప నా చెయ్యి పట్టుకుని ఉంది. నా చెయ్యి చల్లబడిందని అది గమనించింది. "జెల్లు నీక్కూడా రాసారా అమ్మా?"

చిన్న నీడ. ఏమీ కాకపోవచ్చు. పదిహేను రోజులాగి మళ్ళీ రమ్మన్నారు.

22 ఆగస్టు 2024

ఏమీ రాయలేను.

5 సెప్టెంబర్ 2024

నీటితిత్తి. చిన్నది, ప్రమాదం లేనిది. పెద్ద మెషీన్ మీద, పెద్ద డాక్టరుగారు స్వయంగా చూసి చెప్పారు.

ఈ పదిహేను రోజులూ అత్తమ్మ నూకాలమ్మకి మొక్కుకుందట. నాకు చెప్పలేదు. గ్రహణం మాట కూడా ఎత్తలేదు. రాత్రి వచ్చి నా పక్కన కూచుంది. చాలాసేపటికి, "ఆ పొద్దు నువ్వు పలాస తీసుకెళ్ళిన మనిసి బాగుందేటి?" అని అడిగింది.

బాగుంది. ఆ పిల్లాడు కూడా రెండో తరగతే.

"మంచిది" అని లేచి వెళ్ళి పడుకుంది.

16 ఫిబ్రవరి 2025

డాక్టరమ్మతో ఇవాళ ధైర్యం చేసి అడిగాను. మందు ఉందట కదా అని.

ఉంది. ఇలా పెరిగే వాళ్ళలో చాలామందికి పీఐకే3సీఏ అనే జన్యువులోనే తప్పు ఉంటుందని 2012లో కనిపెట్టారు. ఆ జన్యువుని అణిచే మందు రొమ్ము కాన్సర్ కోసం తయారైంది, అల్పెలిసిబ్. పారిస్‌లో నెకేర్ ఆసుపత్రి డాక్టరు కానో, పందొమ్మిదిమందికి ఇచ్చి చూస్తే పెరిగినవి తగ్గాయి. అది 2018 జూన్లో అచ్చయింది. పాప పుట్టిన మరుసటి నెల. 2022లో అమెరికా ఈ జబ్బుకి అనుమతి ఇచ్చింది. బతుకు మీదకి వచ్చినవాళ్ళకి అది వరం.

"మీ పాపకి అక్కర్లేదు" అంది. ఆ మందుకి షుగరు పెరుగుతుంది, ఇంకా చాలా ఉన్నాయి. జన్యువు తెలుసుకోవాలంటే రక్తం చాలదు. తప్పు ఆ కాలి కణాల్లోనే ఉంటుంది కాబట్టి, కాలి నుంచి చిన్న ముక్క తియ్యాలి. పదేళ్ళు దాటాక మోకాలి దగ్గర ఎముక ఎదిగే చోట చిన్న ప్లేటు వేసి, పొడుగు కాలిని కొంత కాలం ఆపొచ్చు. రెండోది వచ్చి అందుకుంటుంది. అప్పటిదాకా చెప్పు చాలు.

అక్కర్లేదు అన్న మాటకి ఎందుకు కన్నీళ్ళొచ్చాయి?

24 మే 2025

ఏడేళ్ళు నిండాయి. చివరి స్కానింగ్. నార్మల్.

"ఇంక రానక్కర్లేదు, కాళ్ళ కొలతకి మాత్రం ఏడాదికోసారి రండి" అన్నారు. పాప స్కానింగ్ అతనికి టాటా చెప్పింది. దారిలో జంతికలు కొనమంది.

నేను రైల్లో లెక్క పెట్టుకుంటున్నాను. జూన్, జూలై, ఆగస్టు. ఆగస్టులో ఏముంది? ఏమీ లేదు. ఇంత మంచి మాట విని మనసెందుకు నిలవదు? ఎనిమిదో ఏట వచ్చినవాళ్ళు లేరా? ఉన్నారు, చాలా తక్కువ అంది. ఎంత తక్కువ అని అడగలేదు.

టేపు అత్తమ్మకిచ్చేశాను. జాకెట్లకి పనికొస్తుంది.

22 ఆగస్టు 2025

నిన్న ఊరికే తలనొప్పి. పొద్దున్నే ఎవరో పిలిచినట్టు లేచి కూచున్నాను. తర్వాత తారీకు చూస్తే తెలిసింది.

పాప బళ్ళో ఖోఖోలో ఉంది. కాలు నొప్పెడితే వచ్చి కూచుంటుంది, తగ్గితే వెళ్తుంది. నన్ను అడగడం మానేసింది.

7 సెప్టెంబర్ 2025

మళ్ళీ సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి తొమ్మిదిన్నర దాటి మొదలవుతుంది, పదకొండుకి పూర్తిగా కమ్ముతుంది. ఎదురింటి కోడలికి ఏడో నెల. మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. నేను వెళ్ళి బీపీ చూస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయంది.

ఆ ఇంటి పెద్దావిడతో నేను మాట్లాడేలోపే మా అత్తమ్మ వచ్చింది. చేతిలో అన్నం గిన్నె. పప్పు, నెయ్యి కలిపి తెచ్చింది. "తిననీ. కడుపులో గుంటకి ఆకలి తెలుస్తాది గానీ గిరానం తెలుస్తాదా?" అంది ఆ పెద్దావిడతో.

తన గిన్నెల మీద దర్భలు వేసుకునే వచ్చింది. అది వేరు.

మావయ్య పాపని డాబా మీదకి తీసుకెళ్ళి చంద్రుణ్ణి చూపించారు. ఎర్రగా.

28 సెప్టెంబర్ 2025

సోంపేట వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. డాక్టరమ్మ నా నంబరు ఇచ్చిందట. ముందు నన్ను అడిగే ఇచ్చింది. పదకొండు నెలల పాప. ఎడమ కాలు. ఆ అమ్మాయి గొంతులో ఆత్రం చూస్తే రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది.

"మా ఊరి నీళ్ళ వల్లేనా అక్కా? కిడ్నీలు చూడమన్నారు."

నీళ్ళ వల్ల కాదన్నాను. నువ్వు తిన్నది కాదు, తిరిగింది కాదు. ముందది విను, తర్వాత మిగతావి చెప్తాను అన్నాను. కాలెండరు తెచ్చుకోమన్నాను. ఇవాళ్టి నుంచి మూడు నెలలకో గీత పెట్టించాను. ఏడేళ్ళు నిండేదాకా ఒక్కటీ తప్పకూడదు, వీళ్ళు నార్మల్ అన్నారని మానెయ్యకూడదు అన్నాను. మీ పాపకి నాలుగు నిండలేదు కాబట్టి రక్తపరీక్ష కూడా అడుగు అన్నాను. రాసుకుంటోంది. పెన్ను చప్పుడు వినిపిస్తోంది.

"మీ పాప పరిగెడుతుందా?" అంది.

పరిగెడుతుంది అన్నాను.

ఇంకా ఏదో అడగబోయి ఊరుకుంది. నేనూ ఆగాను. ఆ ప్రశ్న నాకు తెలుసు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ రాత్రి ఎవరో ఒకరు ఫోన్ ఎత్తడం తప్ప.

వచ్చే నెల మొదటి స్కానింగుకి విశాఖ వెళ్తోంది. తనకి భాష రాదట ఆసుపత్రిలో, అంటే కాగితాల భాష. పలాసలో ఎక్కు, నేను పూండిలో ఎక్కుతాను అన్నాను. సెలవు అడగాలి. చిన్న కుడి బూటు, పెద్ద ఎడమ బూటు అటక మీద ఉన్నాయి. ఆ పిల్లకి ఇప్పుడే సరిపోవు. అయినా పట్టుకెళ్తాను.